గుండె ఎత్తున

ఆ రోజు గురజాల బస్సు రైలు గేటు దగ్గర పూటంతా ఆగిపోయిందని అందరికీ చెబుతుంటాను. నిజానికి ఆగింది అరగంటే. కిటికీ పక్కన ఇరుక్కుపోయి కూర్చున్నాను. నిలబడినవాళ్లు మీద పడుతున్నారు, గాలి ఆడడం లేదు.

ఏమీ తోచక సంచీలోంచి బీపీ మిషను తీసి మణికట్టుకు కట్టుకున్నాను. పక్కన కూర్చున్న, ఇంచుమించు నా ఈడే ఉన్న ఆవిడతో, "నాది కుర్రాళ్ల బీపీ చెల్లెమ్మా, చూడు" అని, ఇంట్లో చేసినట్టే చెయ్యి తలకంటే పైకెత్తి కిటికీ కమ్మీకి ఆనించాను. అంకె తక్కువే వచ్చింది.

ఆవిడ నవ్వలేదు. "అట్టా ఎత్తితే తక్కువే చూపిద్ది అన్నయ్యా. గుండె ఎత్తున పెట్టాల" అని నా చెయ్యి దించి, ఛాతీకి ఆనించి పట్టుకుంది. మిషను మళ్లీ బిగుసుకుంది. లేచి వెళ్దామంటే దారి లేదు. ఈసారి అంకె చాలా ఎక్కువ వచ్చింది.

"తెలిసే ఎత్తుతున్నావు గదా?" అంది మెల్లగా.

తెలిసే. ఎక్కువ వస్తే మా ఆవిడ ఆసుపత్రికి లాక్కెళుతుంది. అక్కడ ఏం చెబుతారోనని నా భయం. తలూపాను.

"మా ఆయనా అంతే. పొయ్యేదాకా నాకు చెప్పలా" అని ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. గేటు తీసినా నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు మా ఆవిడ ఎదురుగా కూర్చుని చెయ్యి గుండె ఎత్తున పెట్టుకున్నాను. ఆమె అంకె చూసి కంగారుపడింది. "ఏందయ్యా, ఒక్కరోజులో ఇంత పెరిగింది?"

"ఒక్కరోజులో పెరగలేదే" అన్నాను.