ఎనిడ్ తోటలో తవ్వకూడని గొయ్యి

ఆస్ట్రేలియాలోని టువూంబాలో తోటల పోటీ పదకొండు రోజులుందనగా ఎనిడ్ కోర్బెట్ ఇంటి ముందు గడ్డి కింద నీళ్ల గొట్టం పగిలింది. అడుగు వేస్తే చెప్పు ఎర్ర బురదలో దిగబడిపోతోంది. ఊళ్లో ఇంతమంది ప్లంబర్లుండగా ఆమె నన్నే పిలవడానికి కారణం నా వ్యాను. దాని మీద ‘మీ తోట తవ్వం’ అని అడుగెత్తు అక్షరాలతో రాయించుకున్నాను. చదివినవాళ్లలో నమ్మింది ఆమె ఒక్కతే.

ఎనిడ్‌కి డెబ్బై నాలుగేళ్లు. ఇరవై ఏడేళ్లు బడి బస్సు నడిపింది. ఆ బస్సులోనే నేనూ బడికి వెళ్లాను, పదహారో ఏట మానేసేదాకా. తరవాత చదివిందంతా ఊరి లైబ్రరీలో, ఒక క్రమం లేకుండా. ఆ చదువు వల్ల నాకు అబ్బింది ఒకటే: ఎదుటివాళ్ల మాట మధ్యలో అందుకోవడం.

“నీ పేరు కోరీ కదూ, వెనక సీటు కుర్రాడివి?” అంది గేటు తీస్తూ. “పుస్తకంలో తల దూర్చి మీ ఇల్లు దాటిపోయేవాడివి. ఇప్పుడైనా దిగాల్సిన చోట దిగుతున్నావా?”

దిగుతున్నానన్నాను.

పన్నెండేళ్లుగా ఆమె తోటని పోటీలో పెడుతోంది. నాలుగుసార్లు రెండో స్థానం వచ్చింది, మొదటిది ఒక్కసారీ రాలేదు. ఈ ఏడు గేటు నుంచి మెట్లదాకా గసగసాల జాతి పాపీ పూల మడి ఎన్నడూ లేనంత బాగా కుదిరింది. మొదటి స్థానం తప్పదని వీధంతా అనుకుంటోంది. అంతకుముందు వచ్చిన ప్లంబరు ఆ మడికి అడ్డంగా కాలువ తవ్వాలన్నాడట. అతన్ని టీ కూడా ఇవ్వకుండా పంపేసిందట.

నాకు టీ ఇచ్చింది. తాగుతూ ఆమెకి పాఠం చెప్పాను. గేటు దగ్గరి నీళ్ల మీటరు పక్కన ఒక చిన్న గుంట, ఇంటి గోడ దగ్గర ఇంకొకటి. పాత రాగి గొట్టంలోంచి ఇనప తాడు పంపుతాం. తాడు కొసకి పదునైన ములికి, దాని వెనక కొత్త ప్లాస్టిక్ గొట్టం. అవతలి గుంట దగ్గర మర లాగుతుంటే పాతది చీలిపోతూ ఉంటుంది, దాని చోటులోకి కొత్తది వచ్చి కూర్చుంటుంది. పైన పువ్వు కూడా కదలదు.

ఆమె మూడుసార్లు “ఆ గొట్టం మా క్లెమ్ వేసినప్పుడు...” అని మొదలుపెట్టింది. క్లెమ్ ఆమె భర్త, పోయి తొమ్మిదేళ్లయింది. పాత జ్ఞాపకాలు తవ్వుకుంటోందనుకుని మూడుసార్లూ అడ్డుపడ్డాను. మూడోసారి రోమన్లు ఊళ్లోకి నీళ్లెలా తెచ్చుకున్నారో కూడా వివరించాను.

మర్నాడు పొద్దున టేపు పెట్టి కొలిస్తే మీటరు నుంచి గోడకి పద్దెనిమిది మీటర్లు. గొట్టంలోకి తోసిన తీగ అవతల తేలడానికి పంతొమ్మిదిన్నర పట్టింది. బుర్ర ఉన్నవాడెవడైనా అక్కడ ఆగుతాడు. నేను టేపు సాగిపోయిందనుకున్నాను.

పదకొండు మీటర్లదాకా మర బాగానే లాగింది. తరవాత తాడు బిగుసుకుని మూలిగింది. ఇంకాస్త లాగించాను. మడి మధ్యలో నేల ఉబ్బి నాలుగు మొక్కలు పక్కకి ఒరిగాయి. మర ఆపేశాను. ములికి ముందుకీ రాదు, వెనక్కీ పోదు.

ఎనిడ్ మెట్ల మీద నిలబడి అంతా చూసింది. అప్పుడడిగాను, క్లెమ్ గొట్టం ఎలా వేశాడని.

“ఇప్పటికి తీరికైందా నాయనా?” అంది. “అక్కడ మల్బరీ చెట్టుండేది. దాని వేరు కొట్టడానికి ఆయనకి చేతులు రాలేదు. గొట్టాన్ని మోకాలి మీద పెట్టి వంచి చెట్టు చుట్టూ తిప్పాడు. చెట్టు కరువులో ఎండిపోయింది. వంపు ఎక్కడికి పోతుంది?”

వ్యానులోంచి పార తెచ్చాను. నా వ్యానులో పార ఉందని చూసి ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నేను పారెత్తేసరికి, “ఆగు, నీకు తవ్వడం రాదు,” అంది.

నిజమే. తవ్వడం మొరటు పని అని నాలుగేళ్లుగా అందరికీ చెప్పి చెప్పి చేత్తో చెయ్యడం మరిచిపోయాను. ఆమె గోనెసంచి పరుచుకుని మోకాళ్ల మీద కూర్చుంది. వంటింటి కత్తితో ఒక్కో మొక్క చుట్టూ కోసి, మట్టి గడ్డతో సహా ఎత్తి, వరస తప్పకుండా ట్రేల్లో పెట్టింది. ముప్పై ఎనిమిది మొక్కలు. పైమట్టి ఒక దుప్పటి మీద, అడుగుమట్టి ఇంకో దుప్పటి మీద. ట్రేలు మోయడం నా వంతు. గొయ్యి మంచమంత అయ్యాక నేను దిగి వంపు కోసేసి, కొత్త గొట్టం లాగి అతికించాను. పొద్దు వాలేలోగా ఆమె మొక్కలన్నీ తిరిగి నాటింది. నేనొకటి అందిస్తే, “ఇది కాదు, దీని పక్కది,” అంది.

పాపీ మొక్కలకి వేరు కదిలితే గిట్టదు. నీడ గుడ్డ కట్టాను, పూటపూటా వచ్చి చూశాను. పోటీ నాటికి ముప్పై రెండు నిలబడ్డాయి, ఆరు పోయాయి.

గడ్డి టోపీ పెట్టుకున్న జడ్జి ఆ ఖాళీల దగ్గరే ఆగింది. ఏమైందని అడిగింది. వడగళ్లని చెప్పమని మనసులో ఎనిడ్‌ని బతిమాలుకున్నాను.

“గొట్టం పగిలితే తవ్వాం,” అంది ఎనిడ్.

ఇప్పుడు తవ్వకుండా చేసేవాళ్లున్నారట కదా అంది జడ్జి.

“ఉన్నాడు, ఇడుగో. మంచివాడే, కాస్త లేటుగా వింటాడు.”

మూడో స్థానం వచ్చింది. ‘వరసలో ఖాళీలు’ అని జడ్జి ఇచ్చిన కాగితం మీద రాసి ఉంది. ఎనిడ్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి ఆప్రాన్ జేబులో పెట్టుకుంది. కొత్త గొట్టంలో నీళ్లు ధారగా వస్తున్నాయని మాత్రం ఒప్పుకుంది, అదీ నేను రెండోసారి అడిగాక.