జానెడు ఎక్కువ

నాకు చేతిపని మీద గర్వం ఎక్కువ. అందుకే రేణిగుంట దారిలో మా పెద్దమ్మ ఉంటున్న వృద్ధాశ్రమంలో నర్సు, చక్రాల కుర్చీల్లో కూర్చునేవాళ్లకు ఒడిలో కప్పుకునే బొంతలు కుట్టిస్తారా అని అడిగితే, కుట్టించడమెందుకు, నేనే కుడతానన్నాను.

"నడుము నుంచి మోకాళ్ల కింది దాకా చాలమ్మా. రెండు మూరలు దాటొద్దు. వేలాడితే చక్రంలో పడతాది" అందామె.

పాత నూలు చీరలు మడతలు వేసి, పదకొండు బొంతలు ఆమె చెప్పినట్టే కుట్టాను. పన్నెండోది పెద్దమ్మకు. అమ్మ పోయాక నన్ను పెంచింది, సూది పట్టడం నేర్పింది ఆమే. నేను కుట్టిన ప్రతి బొంతనూ కాళ్ల మీద పరుచుకొని చూసేది. పాదాలు కప్పకపోతే మొత్తం విప్పించేది. అలాంటి మనిషికి తువ్వాలంత గుడ్డ ఎలా కప్పను? నర్సుకేం తెలుసులే అనుకొని జానెడు ఎక్కువ కుట్టాను.

"ఇప్పుడు బొంత మాదిరి ఉండాది" అంది పెద్దమ్మ. నా కడుపు నిండిపోయింది.

వారం తిరక్కముందే ఫోను. భోజనాల గదికి తోసుకెళ్తుంటే బొంత అంచు ముందు చక్రానికి చుట్టుకుందట. కుర్చీ టక్కున ఆగి పెద్దమ్మ ముందుకు పడింది. కుడి మణికట్టు విరిగింది.

కుర్చీ తోసింది సత్యవేడు వైపు నుంచి వచ్చిన ఆయా, నలభై ఏళ్ల మనిషి. రోజూ పెద్దమ్మకు తల దువ్వేది ఆమే. నేను వెళ్లగానే మేనేజరు నా ముందే ఆమెను తిట్టి, "మీరేమంటారమ్మా?" అని నా వైపు తిరిగాడు. తప్పు నాదని చెప్పడానికే నోరు తెరిచాను.

"కాస్త చూసుకొని తోసి ఉండాల్సింది" అన్నాను.

ఆయా తలెత్తి నన్నొకసారి చూసింది. మధ్యాహ్నానికల్లా ఆమెను పనిలోంచి తీసేశారు.

సిగ్గుతో చచ్చిపోతూ గేటు దాకా పరుగెత్తాను. ఆయా ఆటో కోసం నిలబడి ఉంది. సంచిలోంచి పెద్దమ్మ బొంత తీసి నా చేతిలో పెట్టింది. ఎక్కువున్న జానెడూ లోపలికి మడిచి ఉంది.

"మేనేజరు బొంత యాడని అడిగితే ఉతికేదానికి ఏసినానని చెప్పినానక్కా. దీన్ని కత్తిరించి కుట్టు. ఇట్నే కప్పితే మళ్లా పడతాది."

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు?"

"అవ్వకు నువ్వు తప్ప ఎవురుండారు? నువ్వు జానెడు ఎక్కువ కుట్టబట్టే పడిందని అందరికీ తెలిస్తే, మళ్లా ఈడికి వస్తావా?"

ఆటో వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

అప్పుడు వెళ్లి మేనేజరుకు ఉన్నదంతా చెప్పాను. "అయిందేదో అయింది, రేపటికి వేరే మనిషిని మాట్లాడేశాం" అన్నాడు. నేను గట్టిగా అరిచాను. అరవాల్సిన సమయం పొద్దునే దాటిపోయింది.

బొంత కత్తిరించి, అంచు మళ్లీ కుట్టి తీసుకెళ్లాను. పెద్దమ్మ పాదాలు బయటే ఉన్నాయి. సాక్సులు తొడిగాను. తల చెదిరి ఉంటే దువ్వెన తీసుకొని వెనక నిలబడ్డాను. రెండుసార్లు దువ్వానో లేదో, కట్టు కట్టిన చేత్తో నా చేతిని తోసేసింది.

"నువ్వొద్దు. ఆయమ్మ యాడుందో పిలు."