మట్టి మేడలో మామగారు

రియాద్‌లో ఉన్నన్నాళ్ళూ రాసిన డైరీలు ఏడు ఉన్నాయి. వాటిలో ఒకదాని వెనక అట్ట లోపలి వైపు పెన్సిల్ గీతలు వరసగా ఉంటాయి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. మా మెస్సులో భోంచేసే ఒక కుర్ర ఇంజనీరు 'బ్యాంకాక్' అన్న మాట ఎత్తినప్పుడల్లా నేను పెట్టుకున్న గుర్తులవి. ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం చాలా శ్రద్ధగా పెట్టాను.

అతనిది కరీంనగర్ వైపు. మా కంపెనీయే పది రోజుల శిక్షణకి అతన్ని బ్యాంకాక్ పంపింది. అక్కడ ఒకప్పుడు రాజులున్న భవనాన్ని ఇప్పుడు థాయి చరిత్ర మ్యూజియంగా మార్చారట. ఒక మధ్యాహ్నం చూసొచ్చాడు. ఆ ఒక్క మధ్యాహ్నాన్నే బతా పేటలోని మా మెస్సులో శుక్రవారం శుక్రవారం వడ్డించేవాడు.

"ఏనుగు మీద పెట్టే అంబారీ సూడాలె సార్! మన ఈ గదంత ఉంటది. రాజుల రథాలైతే నిలవడి మెడ లేపి సూడాలె."

అందరూ చెయ్యి ఎండిపోయినా లేవకుండా వినేవారు. నేను లేచి చెయ్యి కడుక్కుని, గదికొచ్చి గీత గీసేవాణ్ణి.

అసూయ అని డైరీలో ఎక్కడా రాసుకోలేదు గాని, అసూయే. పైకి దానికి కారణం బ్యాంకాక్. లోపలి కారణం వేరు. అతని ఇకామాలో, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులో, వృత్తి దగ్గర ఇంజనీరు అని ఉంది, కనక భార్యకి విజిట్ వీసా వచ్చింది. ఆ చలికాలంలో ఆమె వచ్చి మూడు నెలలుంది. నా ఇకామాలో గుమాస్తా అని ఉంది. డ్రాయింగు కాగితాలు వరస తప్పకుండా భద్రపరచడం నా పని. గుమాస్తాకి కుటుంబాన్ని తెచ్చుకునే వీలు లేదు. మా ఆవిడకి ఈ ఊరంటే ఫోన్లో నేను చెప్పిందే.

మెస్సు నుంచి నడిచి వెళ్ళే దూరంలోనే ఇక్కడి పాత రాజుగారి మేడ ఒకటుంది. మట్టి ఇటుకలతో కట్టింది. దాన్నీ మ్యూజియం చేశారు. నేను అప్పటికి రెండుసార్లు వెళ్ళి, గది గదికీ ఒక పేజీ చొప్పున రాసుకుని ఉన్నాను. ఒక్కసారి అతన్ని అక్కడికి తీసుకెళ్ళి, అతను నోరు మూసుకుని వింటుంటే నేను చెప్పాలి. నాక్కావలసింది అంతే.

"గురువారం పొద్దున రావయ్యా, మన రాజుగారి మేడ చూపిస్తాను" అన్నాను.

"మట్టిదే కద సార్?" అన్నాడు నవ్వుతూ. వస్తానన్నాడు.

ఆ మ్యూజియానికి కొన్ని రోజులు మగవాళ్ళకి, కొన్ని రోజులు కుటుంబాలకి. రంజాను తర్వాత రోజులు మార్చి గేటు దగ్గర కొత్త పట్టిక అంటించారు. అంతా అరబ్బీలోనే. నాకు అరబ్బీ చదవడం రాదు. ఏడు గళ్ళు, కొన్నింట్లో మగమనిషి బొమ్మ, కొన్నింట్లో మగా ఆడా పిల్లా ఉన్న బొమ్మ. ఇక్కడ వారం శనివారంతో మొదలవుతుందని నాకు తెలుసు. వరసగా ఏడూ డైరీలోకి ఎక్కించుకున్నాను. గురువారం మగవాళ్ళది.

ఆ గురువారం అతను భార్యతో సహా దిగాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి ఆ అమ్మాయికి. ఒంటి నిండా కప్పుకున్న నల్ల అబాయా కొత్తది, నడుస్తుంటే కాళ్ళకి అడ్డం పడుతోంది.

"ఇంట్ల ఒక్కతే ఏం జేస్తది సార్, తోల్కొచ్చిన."

"అయ్యో, ఇవాళ మగవాళ్ళ రోజయ్యా. అమ్మాయిని రానివ్వరు" అని డైరీ తీసి చూపించాను. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. నాకు జాలేసింది. జాలి పక్కనే కొంచెం సంతోషం కూడా ఉంది. దాచడమెందుకు.

"అడిగి సూద్దాం సార్, పోయేదేముంది."

గేటు దగ్గర ముసలి కాపలాదారు వాళ్ళిద్దర్నీ చూసి చెయ్యి ఊపి లోపలికి పొమ్మన్నాడు. నేను అడుగెయ్యబోతే అదే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఫ్యామిలీ! ఫ్యామిలీ!" అన్నాడు, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూస్తూ.

పట్టిక వైపు తిరిగాను. అప్పుడు వెలిగింది. అరబ్బీ రాత కుడి నుంచి ఎడమకి. శనివారం కుడి చివరన ఉంది. నేను ఎడమ నుంచి ఎక్కించుకున్నాను. ముప్ఫయ్యేళ్ళుగా ఒక్క కాగితం వరస తప్పనివ్వని మనిషిని, వారం మొత్తాన్నీ తిరగేసి రాసుకున్నాను.

"మీరు చూసి రండి. నేను బయట కూర్చుంటాను" అన్నాను.

అతను నన్ను చూశాడు, కాపలాదారుని చూశాడు. నా భుజం మీద చెయ్యేశాడు. "హాదా బాబా మదామ్" అన్నాడు. ఈయన మా ఆవిడ తండ్రి, అని.

"అబద్ధం ఎందుకయ్యా!" అన్నాను తెలుగులో.

"ఊకోన్రి మామా" అన్నాడు.

ఆ అమ్మాయి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రా బాపూ, ఎండల నిలవడ్డవ్" అని నా చెయ్యి పట్టుకుంది. కాపలాదారు చెయ్యి దించేశాడు.

అంతటితో ఆగలేదు. ముసలాయన మాతోబాటే లోపలికొచ్చాడు. మెట్ల దగ్గర ఇంజనీర్ని ఆపి, నా చెయ్యి పట్టుకుని ఎక్కించమని సైగ చేశాడు. అల్లుడన్నవాడు మామగారిని అలా వదిలేసి ముందు నడవడమేమిటని కోప్పడినట్టే ఉంది. నాకు యాభై ఆరు, మోకాళ్ళు దివ్యంగా ఉన్నాయి. అయినా అతను నా రెక్క పట్టుకుని ప్రతి మెట్టూ ఎక్కించాడు.

"బరువున్నరు మామా."

"మెల్లిగా అల్లుడూ" అన్నాను. ఆ అమ్మాయి మొహానికి కొంగులా నల్లగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది.

పైన పొడుగు గది. తాటి దూలాల్లాంటి మొద్దులు పైకప్పులో పక్కపక్కనే. నేను డైరీ తెరిచాను. ఈ మొద్దులు ఏ చెట్టువో, గోడ ఎంత మందమో, వేసవిలో లోపల ఎంత చల్లగా ఉంటుందో అన్నీ ఉన్నాయి. చదవడం మొదలుపెట్టాను. సగం వాక్యంలో ఉండగానే అతను అందుకున్నాడు. "బ్యాంకాక్ల గిట్ల గాదే, గోడలకు బంగారు రంగు..." ఆ అమ్మాయి అటు తిరిగింది. కప్పు వంక చూడకుండా, అక్కడ లేని రంగుని అతను గాలిలో చూపిస్తుంటే ఆ వేళ్ళని చూస్తోంది. ఆమె ఆ అంబారీ కథ ఎన్నోసారి వింటోందో. అయినా మొదటిసారిలా వింటోంది.

అప్పుడు తెలిసింది నాకు కావలసింది ఏమిటో. అతను నోరు మూసుకోవడం కాదు. అలా వినే మనిషి నా పక్కన ఉండడం.

కాపలాదారు ఫ్లాస్కులోంచి చిన్న గిన్నెలో కాఫీ పోసి ముందు నాకిచ్చాడు. పెద్దవాణ్ణి కదా. తర్వాత నా కూతురికి. అల్లుడికి ఆఖరున. ఇంతలో ఆ అమ్మాయి అడిగింది: "బాపూ, ఇండ్ల ఆడోళ్లు యాడ ఉంటుండె?"

డైరీ తిరగేశాను. కొలువు గది ఉంది, గుమాస్తాల గది ఉంది, బావి ఉంది, బావి పక్క ఈతచెట్టు కూడా ఉంది. ఆడవాళ్ళ గది లేదు. రెండుసార్లు వచ్చి కూడా నేను చూసుకోలేదు.

"బ్యాంకాక్‌లో ఎక్కడుండేవారు?" అని అతన్నడిగాను. అతనూ నోరు తెరిచి మూశాడు. నేను కోరుకున్న మౌనం అలా దొరికింది. కానీ అందులో నాకూ వాటా ఉంది.

మర్నాడు మెస్సులో ఆ మేడ కథంతా అతనే చెప్పాడు. మొద్దుల పేర్లు నావే, గోడ మందం నాదే. మామని మోసుకుంటూ మెట్లెక్కిన ఘట్టానికి అందరూ పగలబడి నవ్వారు. వంటాయన ఆ రోజు నుంచీ నన్ను "మామా, ఇంకొంచెం చారా?" అనేవాడు. నేనే చెప్పి ఉంటే ఒక్కరూ నవ్వేవారు కారు. లేచి చెయ్యి కడుక్కున్నాను.

గదిలో గీత గియ్యలేదు. ఫోన్ కార్డు తీసుకుని కిందికి దిగి ఇంటికి ఫోన్ చేశాను. గేటు నుంచి బావి దాకా వరసగా చెప్పాను. మా ఆవిడ మధ్యలో ఊ కొట్టింది గాని, నేను ఆపగానే అడిగింది:

"ఆ అమ్మాయి మూణ్ణెల్లుంటుందా?"

"వీసా అంతవరకే."

"మూణ్ణెల్లే!" అంది. తక్కువనా, ఎక్కువనా అని నేనడగలేదు. "నేనొస్తే నన్ను ఏ రోజున రానిస్తారు లోపలికి?" అంది.

వృత్తి మారదనీ, వీసా రాదనీ ఆమెకీ తెలుసు. "కుటుంబాల రోజున" అన్నాను.

"అది మళ్ళీ తప్పు రాసుకోకండి" అంది.

పైకొచ్చి పాత పట్టిక మీద అడ్డంగా ఒక గీత కొట్టాను. దాని కింద కొత్తది రాశాను, ఈసారి కుడి వైపు నుంచి, గడి గడికీ రోజు పేరు తెలుగులో పెట్టి. కుటుంబాల రోజుల చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గుండ్రాలు చుట్టాను. అందులో తప్పు లేదు. వచ్చే రంజాను దాకా పనికొస్తుందనుకుని డైరీ మూశాను.