తమ్ముడు మంచమెక్కిన మధ్యాహ్నం

మా చిన్నప్పుడు... మల్కాపురంలో మా అద్దె వాటా ముందుగదిలో, దూలానికి చీర ఉయ్యాల వేలాడుతూ ఉండేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక తమ్ముడు బుజ్జిని అందులో వేసి, అమ్మ కింద చాప మీద కూర్చుని తాడు లాగేది. వాడికి అప్పటికే మూడేళ్లు దాటాయి... కాళ్లు రెండూ చీర బయటే ఉండేవి.

చూసినవాళ్లు నవ్వేవారు. అమ్మ నవ్వేది కాదు.

బుజ్జి కంటే ముందు మాకో చెల్లి పుట్టింది. నెలల పిల్లగా ఉండగానే జ్వరం వచ్చి, ఆ ఉయ్యాలలోనే నిద్రలో పోయింది... నాకు లీలగా గుర్తు. ఆ తర్వాత బుజ్జి పుట్టినప్పటి నుంచి అమ్మ తాడు వదల్లేదు. కునుకు పట్టినా తాడు మణికట్టుకు చుట్టుకునే ఉండేది. వాడు కాసేపు కదలకపోతే చాలు, లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

నాన్న పోర్టులో సరుకు ఎత్తి దించే కళాసీ. ఓడల్లో యంత్రాలు వచ్చే పెద్ద పెద్ద చెక్కపెట్టెలు విప్పేశాక, ఆ చెక్క బయట అమ్మేవారు. నాన్న అది కొని, వన్‌టౌన్‌లో ఉండే వడ్రంగి ఖాదర్ మావయ్య చేత మంచం చేయించాడు. వాళ్లిద్దరూ ఒకరినొకరు 'బావా' అనుకునేవారు. తలవైపు పలక మీద ఏదో దేశపు నల్ల అక్షరాలు ఉండిపోయాయి. ఎంత చిత్రిక పట్టినా పోలేదని ఖాదర్ మావయ్య నొచ్చుకున్నాడు. నాకైతే ఆ అక్షరాలే ముద్దు... రోజూ వేలితో దిద్దేదాన్ని.

మంచం వచ్చింది గానీ, బుజ్జి దానిమీదికి రాలేదు.

ఇవాళ మంగళవారం కదా అంది అమ్మ. తర్వాత అమావాస్య దగ్గర పడిందంది. ఆ తర్వాత ఆషాఢం... ఈలోగా మంచం మీదికి ఉతికిన బట్టలు, బొంతలు, అప్పడాల డబ్బా చేరాయి.

నాట్లు అయిపోయాక రాజాం దగ్గర పల్లె నుంచి నాయనమ్మ వచ్చింది. ఉయ్యాలలోంచి వేలాడే కాళ్లు చూసింది, బట్టలు మోస్తున్న మంచం చూసింది.

ఒక మధ్యాహ్నం... నేను గుమ్మం పక్కన చేటలో బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఉన్నట్టుండి చీర పర్రుమని చిరిగింది. బుజ్జి చిరుగులోంచి జారి, కింద బొంత మీద కూలబడ్డాడు. వాడికి దెబ్బ తగల్లేదు, పైగా అదో ఆటనుకుని నవ్వాడు. అమ్మ మాత్రం వాణ్ని గుండెకు అదుముకుంది. కాసేపటికి లేచి, ట్రంకుపెట్టెలోంచి ఇంకో చీర తీసింది.

నాయనమ్మ వచ్చి ఆ చీర పట్టుకుంది. లాక్కోలేదు, ఊరికే పట్టుకుంది.

"ఏటమ్మా నీ బయ్యం? సెప్పు," అంది మెల్లగా.

అమ్మ చేతిలోని చీర కొసను మడతపెట్టింది, విప్పింది. తర్వాత అంది... "ఆయాల నాను పడుకుండిపోయానత్తా. తాడు సేతిలోంచి జారిపోయింది. లేసి సూసేతలికి పిల్ల లేదు."

అన్నాళ్లూ అమ్మ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నాన్నకు కూడా.

నాయనమ్మ చాప మీద కూలబడి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకూ ఇద్దరు పోయారే. తెల్లార్లూ ఒళ్లో ఎట్టుకునే కూకున్నాను, కన్ను మూత్తే ఒట్టు. అయినా పోయారు. ఆ జొరాలు అలాటివి. నువ్వేటీ తప్పు సెయ్యలేదు."

అప్పుడు ఏడ్చింది అమ్మ... మా చెల్లి పోయినప్పుడు కూడా అలా ఏడ్చినట్టు నాకు గుర్తులేదు. నేను చేట కింద పెట్టేసి అలాగే చూస్తూ ఉండిపోయాను.

నాయనమ్మ మంచం మీద బట్టలన్నీ నా చేతికిచ్చి, బొంత పరిచి, బుజ్జిని గోడవైపు పడుకోబెట్టింది. వాడు అటు దొర్లి, ఇటు దొర్లి, కాళ్లూ చేతులూ బారజాపి... చిటికెలో నిద్రపోయాడు. ఇన్నాళ్లూ ఇరుకులో ముడుచుకున్న ఒళ్లు కదా!

అమ్మ మంచం పక్కన నిలబడే ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మళ్లీ చూసింది.

"నువ్వూ ఎక్కి పడుకో. నాను సూత్తాను ఇద్దర్నీ," అంది నాయనమ్మ.

అమ్మ మొహమాటంగా ఓ అంచున ఒరిగింది. కాసేపు కళ్లు తెరుచుకునే ఉంది. తర్వాత ఎప్పుడు మూతపడ్డాయో... నోరు కొద్దిగా తెరిచి, చిన్నగా గురక కూడా పెట్టింది. పగటిపూట అమ్మ అలా ఒళ్లెరగకుండా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. నాయనమ్మ తాటాకు విసనకర్రతో ఇద్దరికీ విసురుతూ కూర్చుంది.

సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. నాయనమ్మ నోటి మీద వేలు పెట్టింది. నాన్న సైకిల్ చప్పుడు కాకుండా గోడకు ఆనించి, అరుగు మీద కూర్చున్నాడు. టీ కూడా అడగలేదు. వీధి దీపాలు వెలిగేదాకా ఎవరూ అమ్మను లేపలేదు.

నాయనమ్మ, నాన్న, అమ్మ... ముగ్గురూ ఇప్పుడు లేరు. బుజ్జి గాజువాకలో ఇల్లు కట్టుకున్నాడు, జుట్టు నెరుస్తోంది. ఆ మధ్యాహ్నం సంగతి వాడికేమీ తెలియదు, నేను చెబితే విన్నాడు.

మొన్న మా అమ్మాయి వాళ్ల బాబును కటకటాల తొట్టిలోంచి పెద్ద మంచం మీదికి మార్చింది. గదిలో చిన్న కెమెరా పెట్టింది. వంటింట్లో కూర కలుపుతూ, ఫోన్‌లో వాడి ఊపిరి కదులుతోందో లేదో చూసుకుంటోంది. భయం ఏమీ మారలేదనిపించింది... 'నాను సూత్తాను, నువ్వు పడుకో' అనే మనిషే ఇళ్లల్లో కరువైంది.

మీరు ఉయ్యాల దిగి మంచమెక్కిన రోజు, మీ అమ్మ పక్కన ఎవరున్నారు? తెలిస్తే రాయండి... తెలియకపోతే, అమ్మ ఉన్నవాళ్లు ఇవాళే అడిగి చూడండి.