కునుకెరగని పరుపులాయన

పరుపులు అమ్ముకునే మనిషి తనకు నిద్ర పట్టదని నలుగురిలో చెప్పుకోకూడదు. మా వీధి పరుపుల కొట్టు మామగారు మాత్రం అదే చెప్పేవారు. కొట్టు తాళం తీస్తూ చెప్పేవారు, బేరం మధ్యలో చెప్పేవారు, ఎవరూ అడక్కపోతే ఇంకాస్త వివరంగా చెప్పేవారు. పెళ్ళయిన నాటినుంచీ రెప్ప వాలలేదనేది ఆయన వాదన. వీధివాళ్ళు ఆయనకు కునుకుగారని పేరు పెట్టారు.

ఆ కొట్లోనే పనిచేసే అల్లుడికి ఇదంతా తలవంపులుగా ఉండేది. ఒకసారి కొత్త దంపతులు వచ్చి, ఖరీదైన పరుపు నొక్కి చూసి, దీనిమీద నిద్ర బాగా పడుతుందా అని అడిగారు. అల్లుడు నోరు తెరిచేలోగా మామగారు అందుకున్నారు.

"పడుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుందమ్మా. నిద్ర సంగతి మాత్రం నన్నడక్కండి, నేనెరగను."

దంపతులు ఎదురు కొట్టుకు వెళ్ళిపోయారు. ఆయన మాత్రం నిజం చెప్పిన మనిషిలా నిబ్బరంగా కూర్చున్నారు.

అసలు చిత్రం భోజనమయ్యాక మొదలయ్యేది. ఊరికే నడుం వాల్చడానికని చెప్పి, కిటికీ దగ్గరున్న నమూనా పరుపు మీదికి చేరేవారు. క్షణంలో గురక అందుకునేది. పక్కనున్న దిళ్ళు అదిరేవి. దారినపోయేవాళ్ళు లోపల మిషనేదో ఆడుతోందనుకుని తొంగిచూసేవారు. లేచాక మాత్రం కళ్ళు నులుముకుంటూ, ఒక్క రెప్ప పడితే ఒట్టు అనేవారు. ఈయనకు నిద్ర పట్టకపోవడమేమో గాని, ఈయన వల్ల ఇంట్లో మిగతావాళ్ళకు పట్టడం లేదని అత్తగారు అనేది.

అల్లుడు ఆ గురకను ఫోన్లో రికార్డు చేశాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ వినిపించాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మామగారు కూడా శ్రద్ధగా విని, "ఎవరోగానీ అదృష్టవంతుడు" అన్నారు.

నిద్రకోసం ఆయన చెయ్యని వైద్యం లేదు. వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టారు, తలగడ లేకుండా పడుకున్నారు, తలగడ మీద తలగడ వేసుకున్నారు. ఈమధ్య మరో కొత్త చిట్కా పట్టుకున్నారు. బరువు మోస్తే ఒళ్ళలిసి నిద్రొస్తుందట. కొన్నవాళ్ళ వ్యాను రాగానే అల్లుణ్ణి పక్కకు తప్పించి, నడుముకు తువ్వాలు బిగించి, పరుపు తనే నెత్తికెత్తుకునేవారు. మొదట్లో అల్లుడు వారించాడు. తర్వాత, పోనీ ఆయన పిచ్చి ఆయనకానందం అనుకుని ఫ్యాను కింద కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

చివరికి ఈ తగువు తేల్చేద్దామని మామగారిని నిద్ర పరీక్ష చేసే ఆసుపత్రిలో చేర్చాడు. తలనిండా వైర్లు అంటించి ఓ రాత్రి పడుకోబెడతారక్కడ. మర్నాడు పొద్దున ముందే నవ్వు సిద్ధం చేసుకుని డాక్టరమ్మ ముందు కూర్చున్నాడు. ఆయన నిద్రపోయారని, గురక కూడా పెట్టారని ఆవిడ చెప్పింది. అల్లుడు గెలిచినట్టే నవ్వాడు.

"ఆగండి. ఆయన చెప్పేదీ అబద్ధం కాదు," అంది డాక్టరమ్మ. "నిద్ర పట్టదని బాధపడేవాళ్ళలో కొందరికి మెదడంతా ఒక్కసారిగా పడుకోదు. ఒళ్ళు నిద్రపోతుంటే మెదడులో కొంత మేలుకునే ఉంటుంది. మీ మామగారిది ఆ రకమే. అందుకే లేచాక నిద్రపోలేదనిపిస్తుంది."

వైర్లు అంటించిన అమ్మాయి పక్కనే సిగ్గుపడుతూ నిలబడి ఉంది. రాత్రి ఆయన గురక పెడుతుండగా, ఇంట్లో కుళాయి కారుతోందని వాళ్ళాయన్ని ఫోన్లో దులిపిందట. పొద్దున వైర్లు తీస్తుంటే ఆయన మెల్లగా, కుళాయి కారడం ఆగిందామ్మా అని అడిగారట.

అల్లుడి నవ్వు ఆరిపోయింది.

కిటికీ దగ్గర ఆ పరుపు చివర కూర్చుని, గురక ఉందిగదా అన్న ధీమాతో అతను చాలా మాట్లాడాడు. ఒకరోజు పాత స్నేహితుడికి ఫోన్లో చెప్పుకున్నాడు: ఇంత చదువూ చదివి నెత్తిన పరుపులు మోస్తున్నాను, తెలిసినవాళ్ళు చూస్తే తలెక్కడ పెట్టుకోవాలో తెలీదు, ఈ పిచ్చి ముసలాయన పాలబడి నా బతుకు ఇలా అఘోరించింది అని. బరువు మోసే చిట్కా మొదలైంది ఆ మర్నాడే. ఆయన ఆ మాటల్లో ఒక్కటి తిరిగి అప్పజెప్పి ఉంటే నిద్రపోలేదని ఎప్పుడో రుజువయ్యేది. అప్పజెప్పలేదు. కొట్లో అందరూ నవ్వుతుంటే వాళ్ళ మధ్యే కూర్చుని తన గురక తానే విన్నారు. అల్లుడికి నేల బీటలు వారి అందులోకి పోతే బాగుండుననిపించింది.

బయట వరండాలో మామగారు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. జుట్టుకు ఇంకా జిగురు అంటుకుని ఉంది.

"మావయ్యగారూ," అన్నాడు అల్లుడు. "కొట్లో నేను మాట్లాడినవి... మీకేమైనా వినపడ్డాయా?"

"మీ స్నేహితుడు ఫోన్ చేసిన రోజా అల్లుడుగారూ? అబ్బే, ఆ ఒక్కరోజూ ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను."

జన్మలో మొదటిసారి నిద్రపోయానని ఒప్పుకుంటున్నారు. అల్లుడు ఏ రోజో చెప్పలేదు, ఎవరి ఫోనో చెప్పలేదు. ఆ సంగతి మామగారికి ఓ నిమిషం ఆలస్యంగా తట్టింది. వెంటనే మిగిలిన ఒక్క గుండీతో చాలాసేపు కుస్తీ పట్టారు. అల్లుడు సిగ్గుతో ఆయన మొహంలోకి చూడలేకపోయాడు.

ఆ సాయంత్రం కొట్టు ముందు వ్యాను ఆగింది. మామగారు తువ్వాలు వెతుక్కుంటుండగానే అల్లుడు అన్నిటికంటే పెద్ద పరుపు నెత్తికెత్తుకున్నాడు.

"మరి నాకు నిద్రెలా పడుతుందయ్యా?" అన్నారు మామగారు గాభరాగా.

"ఇవాళ ఆ పిల్ల కుళాయి గురించి దిగులు పెట్టుకోకండి, అదే పడుతుంది," అని అల్లుడు పరుపుతో నడివీధిలోకి నడిచాడు.