కాడజెముడు కంచె, ఆలస్యంగా పెట్టిన గేటు

నా చిన్నప్పుడు మా పెరట్లో వంకాయలు కాస్తే మాకంటే ముందు పక్కింటి మేకలు రుచి చూసేవి. చిత్తూరుకు ఆరు మైళ్ల దూరంలో మా ఊరు. ఆ మేకలు పక్కింటి అక్కవి. ఆమె మొగుడు బెల్లం గానుగల్లో పనికి పోతే వారాల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. చంకలో చంటిబిడ్డ, చేతిలో కడవ, వెనక నాలుగు మేకలు. పాపం, ఒక్కతే ఎన్నని కాచుకుంటుంది? నీళ్లకు మా బావి ఒక్కటే వాళ్లకు ఆధారం. రోజుకు నాలుగైదుసార్లు మా పెరట్లోంచే వచ్చి తోడుకుని పోయేది.

ఒకరోజు మా తాత పోసిన మిరపనారు మొత్తం ఆ మేకలు మేసేశాయి. మా తాతది ఉడుంపట్టు. ఆ పూట అన్నం కూడా తినకుండా కంచె గురించే ఆలోచించాడు. కంప వేస్తే ఏడాదికే చెదలు తినేస్తుంది. రాతి కంబాలు నాటి ముళ్లతీగ లాగడం మా తాహతుకు మించిన పని. చివరికి కాడజెముడు ఖాయం చేశాడు. పెన్సిలు లావున పచ్చని కాడలు, తుంచితే తెల్లటి పాలు కారతాయి, మేక మూతి కూడా పెట్టదు. వానలు పడగానే ఛాతీ ఎత్తు కొమ్మలు తెచ్చి రెండు వరసలుగా ఒత్తుగా నాటాడు. వీధి వైపు వేపచెక్కతో గేటు చేయించాడు. పక్కింటి వైపు మాత్రం దారి లేకుండా మూసేశాడు.

మా అవ్వ ఊరుకోలేదు. “ఆ పక్క చిన్న గేటన్నా పెట్టు. సంటిబిడ్డ తల్లి, నీళ్లకు యాడికి పోతాది?”

“వీధిలో సుట్టుకోని రమ్మను. కాళ్లేమన్నా అరిగిపోతాయా?” అన్నాడు తాత.

అక్క కూడా ఒకసారి వచ్చి, మేకల్ని కట్టేసుకుంటానని, ఒక తడికైనా పెట్టమని అడిగింది. మా తాత వినిపించుకోనట్టు పార పట్టుకుని అవతలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు. నిండు కడవ చంకన పెట్టుకుని వీధంతా చుట్టి తిరగడం మొదలుపెట్టింది.

ఆ బిడ్డతో ఆడుకోవడమంటే నాకు ప్రాణం. ఎనిమిదేళ్లదాన్ని, చుట్టూ తిరిగి పోవడానికి బద్ధకం. ఒక మధ్యాహ్నం కాడలు తుంచి కంచెలో సందు చేద్దామని కూర్చున్నాను. చేతుల నిండా పాలు. ఎండకు చెమట కారుతుంటే అవే చేతులతో కళ్లు తుడుచుకున్నాను. అంతే! నిప్పులు పోసినట్టు మండిపోయాయి. కళ్లు తెరుద్దామంటే రెప్పలు విడలేదు.

నా కేకలకు అవ్వా తాతా పరుగెత్తుకొచ్చారు. జెముడు పాలు కంట్లో పడితే చనుబాలు పిండాలని మా వైపు అందరూ నమ్మేవాళ్లు. పది అడుగుల్లో బావి ఉన్నా నీళ్ల మాట ఎవరికీ తట్టలేదు. “సనుబాలు పొయ్యాల, సనుబాలు!” అని అవ్వ అరిచింది. చుట్టుపక్కల పాలిచ్చే తల్లి అక్క ఒక్కతే. ఆమె వీధి చుట్టి రాలేదు. కాడలు పటపటా విరగడం నాకు వినిపించింది. కంచె విరుచుకుని దూరి వచ్చి నన్ను ఒళ్లో వేసుకుంది.

“కండ్లు తెరువు పాపా, ఒగసారి తెరువు, నా బంగారు కదా” అంటూ రెండు కళ్లలోనూ పాలు పిండింది. నన్ను ఎత్తుకుని తాత చిత్తూరు ఆసుపత్రికి పరుగెత్తాడు. ఆ పాలతో కొంతైనా కడిగినట్టయింది, చూపు దక్కింది, వెంటనే నీళ్లతో బాగా కడిగి ఉంటే ఇంత బాధే ఉండేది కాదని అక్కడి డాక్టరు చివాట్లు పెట్టాడు.

నాలుగు రోజుల తర్వాత ఇంటికి వచ్చేసరికి అక్క కుడికంట్లో తెల్లగా పువ్వు వేసింది. కంచెలో దూరినప్పుడు జెముడు పాలు ఆమె కంట్లోనూ పడ్డాయి. ఇంట్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడని వెంటనే వెళ్లిపోయింది. కడవలో చుక్క నీళ్లు లేవు. కొంగుతో తుడుచుకుని ఊరుకుంది. దారి లేదన్న కంచెలోంచి మళ్లీ దూరి వచ్చి నీళ్లు తోడుకోవడానికి మనసొప్పలేదని, ఏడ్చే బిడ్డతో వీధి చుట్టి రాలేకపోయానని తర్వాత అవ్వతో చెప్పుకుందట. మొగుడు గానుగల దగ్గర, మావాళ్లు నాతో చిత్తూరులో; ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయే దిక్కు లేకపోయింది. ఆ కంటికి చూపు మళ్లీ రాలేదు.

మరుసటి రోజే మా తాత కొడవలి తీసుకుని ఆ వైపు జెముడు నరికేశాడు. తన మంచం పట్టెలు విప్పి గేటు చేశాడు. గడియ కూడా పెట్టలేదు. తానే వెళ్లి ఆమెను పిలిచాడు. ఆమె కసురుకోలేదు, ఏడవలేదు. “నాకు వీధి దావే అలవాటైపోయినాది పెద్దనాయనా” అంది. ఊరు విడిచి పోయేదాకా ఆ గేటులోంచి ఒక్కసారి కూడా రాలేదు. మా తాత మంచివాడే. అయినా ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే రేపు చూద్దామనడం నాకు చేతకాదు. తొందరపాటు మనిషినని నా కూతురు విసుక్కుంటుంది. మొన్న తిరుపతిలో కళ్ల పరీక్ష చేసిన డాక్టరు, ఈ వయసులో రెండు కళ్లూ ఇంత బాగుండడం అదృష్టమమ్మా అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నడవడానికి దారి కూడా ఇవ్వని ఇంటి పిల్ల కోసం ఒక తల్లి తన కన్ను పోగొట్టుకుందని ఆయనకు ఎలా చెప్పను?