బాబూమియా చెవి

లాల్‌దర్వాజా దాటి శాలిబండ వైపు మళ్లే సందులో బాబూమియా షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. ఎందుకు లేదయ్యా అని అడిగితే, "పేరున్నోనికి బోర్డెందుకు?" అంటాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మలక్‌పేట నుంచి, కంచన్‌బాగ్ నుంచి పాత బండ్లన్నీ దగ్గుకుంటూ, మూలుగుతూ ఆయన దగ్గరికే వస్తాయి. వచ్చేది ఆయన చేతి కోసం కాదు, చెవి కోసం. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజను మీద మోపి, పిడిని చెవికి ఆనించి కళ్లు మూసుకుంటాడు. అంతసేపూ సందంతా ఊపిరి బిగబట్టాలి. ఎవడైనా తుమ్మితే వాడి ఖర్మ. కళ్లు తెరిచి రోగం పేరు చెప్పాడంటే అది జడ్జి తీర్పు. "తెరిచి చూసేటోడు మెకానిక్, ఇని చెప్పేటోడు ఉస్తాద్" అని ఆయనే ఓ సామెత పుట్టించి, తాతలనాటిదని చెప్పుకుంటాడు.

ఇంతా చేసి, ఆ చెవి పోయింది.

జీవితమంతా ఇంజన్ల పక్కన తల పెట్టినవాడి చెవి పోక ఏం చేస్తుంది? మొదట ఫోన్ మోగడం వినపడలేదు. ఫోన్ కంపెనీవాళ్లు దొంగలన్నాడు. తర్వాత కుక్కర్ కూత వినపడలేదు. ఈ కాలం కుక్కర్లలో దమ్ము లేదన్నాడు. ఆ తర్వాత మనుషులు. "గీ పోరగాండ్లు నోరు తెరిచి మాట్లాడరేందో, అంత గొణుగుడే!" అని విసుక్కున్నాడు. లోకమంతా కూడబలుక్కుని గొంతు తగ్గించిందన్నాడే గాని, తన చెవిలో లోపముందని ఆయన ఒప్పుకోలేదు. పక్క గదిలో ఉన్న మొగుడిని పిలవాలంటే వీధికంతా వినపడేలా అరవాల్సి వస్తున్న వహీదాకు మాత్రం సంగతి ఎప్పుడో అర్థమైంది.

"అజీ, ఒక్కసారి చూపించుకోరాదూ," అంది.

"నేను మిషన్లు బాగుచేసేటోణ్ని. నా చెవిల ఇంకోడు మిషన్ పెడ్తడా? సందుల తలెత్తుకొని తిరగాల్నా, వద్దా?"

ఆయన కోపం వెనకాల ఉన్నదంతా భయమే. చెవి లేని ఉస్తాద్ అని తెలిసిననాడు తనకు సలాం కొట్టి పలకరించే దిక్కుండదని ఆయన బెంగ. పని పోతే మరో పని, పేరు పోతే ఏముంది?

అయినా షెడ్డు ఆగలేదు. బాబూమియా ఓ ఉపాయం పట్టాడు. "ముందుగాల నువ్వు చెయ్ సప్పుడు, నోటితోని. గప్పుడు నేను ఇంజన్ ఇంట," అనేవాడు. పెద్దపెద్దోళ్లు నడిసందులో నిలబడి గుర్రుమన్నారు, కీచుమన్నారు. నల్లకోటు వకీలు సాబ్ ఒకాయన "ఖడ్ ఖడ్ ఖడాల్" అని గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. బాబూమియా ఆ కూతల్ని బట్టి రోగం పట్టేసి, స్క్రూడ్రైవర్‌ను మర్యాదకు మాత్రం చెవికి ఆనించేవాడు. జనం దీన్ని కూడా కొత్త విద్య అనుకుని ముచ్చటపడ్డారు. మనవాళ్లు ఒకసారి నమ్మారంటే ఇంక బుర్రకు సెలవే కదా!

అలాంటి రోజుల్లో వైకుంఠం సేఠ్ కారు వచ్చింది. వైకుంఠం ఇత్తడి, స్టీలు గిన్నెల హోల్‌సేల్ వ్యాపారి. మనిషి లావు, గొంతు అంతకన్నా లావు. కారు మాత్రం సన్నగా, ఎర్రగా, పొడుగాటి ముక్కుతో ఇద్దరే పట్టే పాత స్పోర్ట్స్ కారు. ఏదో నవాబుల ఇంటి వారసులు వదిలించుకుంటుంటే ముచ్చటపడి కొన్నాడు. అందులో ఎక్కడానికి ఆయనకు కొంతసేపు, దిగడానికి మరింతసేపు పడుతుంది. భార్య సావిత్రికి ఆ కారంటే ఒళ్లు మంట. "కూరగాయల సంచి పెడ్దామంటే జాగ లేదు, గిదేం కారు?" అని ఆమె రోజూ దెప్పుతుంది. వచ్చే ఆదివారం పాత కార్లవాళ్లంతా కలిసి ఊరేగుతున్నారు. అందులో పోవాలని ఆయన ఆశ. ఇంతలో ఇంజను కొట్టుకోవడం మొదలైంది.

"చెయ్ సేఠ్ సప్పుడు," అన్నాడు బాబూమియా.

పుట్టిన దగ్గర్నుంచీ గిన్నెల మధ్య పెరిగిన మనిషికి లోకంలో ఉన్న చప్పుళ్లన్నీ గిన్నెల చప్పుళ్లే. వైకుంఠం కాస్త ఆలోచించి, చెంబు మీద వేలితో మీటినట్టు, "టింగ్... టింగ్... టింగ్..." అన్నాడు తీయగా, సందంతా వినపడేలా.

అసలు ఆ ఇంజను కింది నుంచి రోకలి పోటులా ధబ్ ధబ్‌మంటోంది. పైన టింగుమంటే పెట్రోల్ దోషమో, టైమింగ్ తేడానో. కింద ధబ్‌మంటే బేరింగ్ అరిగిందని, బండి కదపొద్దని అర్థం. ఈ తేడా బాబూమియాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. కాని ఆయన విన్నది ఇంజనును కాదు, గిన్నెల సేఠ్‌ను.

"పెట్రోల్ కల్తీ, టైమింగ్ ముందుకు జరిగింది. ఫికర్ చెయ్యకు," అని తేల్చేశాడు. స్క్రూడ్రైవర్ చెవిన పెట్టి కళ్లు కూడా మూశాడు. చేతికి మాత్రం ఏదో అదురు తగిలింది. ఒక్క క్షణం, ఇంజను కింది నూనె చాంబర్ దించి చూద్దామా అనిపించింది. దించితే చెవి మీద నమ్మకం లేక దించినట్టవుతుంది. అంతమంది చూస్తుండగా ఉస్తాద్ ఆ పని చేస్తాడా? టైమింగ్ సరిచేశాడు, పెట్రోల్ మార్పించాడు, ఇంజను స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కాడు.

"పోయింది గదా?" అన్నాడు అందరి వైపూ చూసి.

ధబ్ ధబ్ ధబ్. సందులో గోడలు వింటున్నాయి.

పక్క కొట్టు రాజన్న, "పోయింది ఉస్తాద్!" అన్నాడు. ఉస్తాద్ మాటకు ఎదురు చెప్పడం ఈ సందు మర్యాద కాదు. పక్కనున్నవాళ్లు మాషాల్లా అన్నారు. వైకుంఠం తల అటూ ఇటూ వంచి విని, "మస్తు తేడా ఉన్నది," అన్నాడు. షెడ్డు వెనకే ఉన్న ఇంటి గడపలో నిలబడ్డ వహీదా ఒక్కతే, "ఇంకొక్కపాలి చూడరాదూ," అని అరిచింది. "నువ్వు లోపటికి పో!" అని గద్దించాడు బాబూమియా. అలా సందులో ఉన్నవాళ్లందరి మర్యాద దక్కింది. ఇంజనుకే దక్కలేదు.

ఆదివారం పొద్దున సేఠ్ కోటు వేసుకుని, సావిత్రిని బతిమాలి పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. మలక్‌పేట రేస్‌కోర్స్ దాకా పోయాడో లేదో, పెద్ద చప్పుడుతో లోపలి రాడ్ విరిగి ఇంజను పక్కటెముక పొడుచుకుని బయటికొచ్చింది. నూనె రోడ్డంతా పారింది. దేవుడి దయ వల్ల మనుషులకేం కాలేదు. సావిత్రి కారు దిగి, ఆటో ఎక్కి ఇంటికి పోయింది.

కారును బండి మీద వేసుకుని షెడ్డుకు తెచ్చారు. సందంతా పోగయ్యింది. ఇంక అయిపోయింది, ఇప్పుడు అందరూ తన మొహాన ఉమ్మేస్తారనుకున్నాడు బాబూమియా. తీరా చూస్తే ఒక్కడూ పల్లెత్తు మాట అనలేదు. "దిష్టి ఉస్తాద్, ఎర్రబండి గదా," అన్నాడు రాజన్న. "నిమ్మకాయ కట్టకుంట తీసిండు సేఠ్," అన్నారొకరు. "మీరు మనసు కష్టపెట్టుకోకున్రి ఉస్తాద్, నా రాత," అని వైకుంఠమే ఆయన భుజం తట్టి ఓదార్చాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాడేమో గాని, ఆ ఓదార్పుకు బాబూమియా గుండె కలుక్కుమంది.

ఇంజనుకు పడ్డ బొక్కలో చెయ్యి పెట్టాడు. బేరింగ్ రేకులా అరిగి చేతికొచ్చింది. ఇది ఒక్కరోజులో అరిగింది కాదు. ఇంత అరిగిందంటే ఎంత మోత మోగి ఉండాలో ఆయనకు తెలుసు.

"నిజం చెప్పు సేఠ్. నేను పోయిందన్ననాడు సప్పుడు పోయిందా?"

వైకుంఠం తన లావు గొంతుతోనే అన్నాడు. "ఏడ పోయింది ఉస్తాద్, కొడ్తనే ఉండె. మీరేమో పోయిందంటిరి. మీ చెవి తప్పుతదా? నా చెవులే కరాబైనయనుకున్న. మర్నాడే చెవి డాక్టర్‌కు చూపించుకొనొచ్చిన. ఆయన మంచిగున్నయనే అన్నడు. నాకే నమ్మకం కుదరలే."

ఎవరో కిసుక్కున నవ్వబోయి, బాబూమియా మొహం చూసి ఆగిపోయారు. ఆయన చేతిలోని బేరింగ్ ముక్కను తిప్పి తిప్పి చూశాడు.

"ఆ డాక్టర్ ఏడ కూసుంటడు?" అన్నాడు.

చెవి డాక్టర్ దగ్గరికి పోయానని పదిమందిలో చెప్పుకున్నందుకు వైకుంఠానికి అప్పటికే నామోషీగా ఉంది. దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. బాబూమియాకు పెదాలు కదలడం తప్ప ఏమీ తెలియలేదు. ఎప్పటిలా తలూపి ఊరుకోవచ్చు. జనం కూడా తలూపడం కోసమే చూస్తున్నారు.

"గట్టిగ చెప్పు సేఠ్," అన్నాడు బాబూమియా. "నాకు ఇనవడ్తలేదు."

ఆ మాట సందులో అందరికీ బాగానే వినపడింది.